సముద్రపు రాళ్ల మీద పెరిగే పెంఫిస్‌ను ఇంటి కుండీలో పెంచడం ఎలా?

"పెంఫిస్ మొక్కకు ఎన్ని రోజులకొకసారి ఉప్పునీళ్లు పోయాలి?" బోన్సాయ్, అంటే కుండీలో కురచగా మలిచే చెట్లు, పెంచేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆ తరువాత ఎక్కువగా వినిపించేది, "తీరంలో పెరిగిన ముదురు మొద్దు ఎక్కడ దొరుకుతుంది?" అన్నది. మొదటిదానికి నా సమాధానం, ఒక్కసారి కూడా పోయనవసరం లేదని. రెండవదానికి నా సమాధానం, అలాంటి మొద్దు దొరికినా కొనవద్దని. ఈ రెండింటికీ కారణాలు చెబుతూ, విత్తనం నుంచి గానీ కొమ్మ నుంచి గానీ ఈ చెట్టును డాబా మీద ఎలా పెంచుకోవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

దీని శాస్త్రీయ నామం పెంఫిస్ అసిడ్యులా. మన పెరటి గోరింట, దానిమ్మ ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే. తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని పసిఫిక్ దీవుల వరకు, పోటు నీరు తాకీ తాకని ఎత్తులో, సున్నపురాతి బండల మీద, పగడపు శిలల పగుళ్లలో, గాలి కొట్టిన వైపు నుంచి వంగిపోయి ఇది పెరుగుతుంది. మన దేశంలో మన్నారు సింధుశాఖ దీవులలోను, అండమాన్ నికోబార్ దీవులలోను, లక్షద్వీప్‌లోను సహజంగా ఉంది. మాల్దీవులలో కురెది అని, ఇండోనేసియాలో సంతిగి అని, ఫిలిప్పీన్స్‌లో బంటిగె అని పిలుస్తారు. చేవ ఎంత గట్టిదంటే మాల్దీవుల పడవలు కట్టేవారు పలకలు బిగించే మేకులను ఈ కర్రతోనే చెక్కేవారు.

ప్రపంచం మొత్తం మీద లెక్క చూస్తే ఇది అంతరించిపోతున్న చెట్టు కాదు. అయితే ఒక్కొక్క తీరాన్ని విడిగా చూస్తే పరిస్థితి వేరుగా ఉంటుంది. సింగపూర్‌లో దీనిని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న చెట్ల జాబితాలో చేర్చారు. ఆగ్నేయాసియాలో అనేక చోట్ల బోన్సాయ్ వ్యాపారం కోసం తీరపు మొద్దులను గునపాలతో పెకలించడం వల్లనే ఇది అరుదైపోయింది. రాతి పగులులోకి దిగిన వేరు నరకకుండా బయటికి రాదు కనుక, అలా తెచ్చిన మొద్దులో బలం చాలావరకు రాతిలోనే ఉండిపోతుంది. అమ్మేనాటికి చిగుళ్లు కనిపించినా అవి మొద్దులో నిలవ ఉన్న ఆహారంతో వచ్చినవే కావచ్చు. కొన్నవారికి ఆ సంగతి కొన్ని నెలల తరువాత, కొమ్మలు ఒకటొకటిగా ఎండినప్పుడు తెలుస్తుంది. మణికట్టంత లావు కావడానికి దశాబ్దాలు తీసుకున్న చెట్టును అలా పోగొట్టుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

రెండు అంగుళాల లోతున్న విత్తన ట్రే ఒకటి, అడుగున రంధ్రాలున్న చిన్న మట్టి కుండీలు ఆరు, పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులు కొన్ని కావాలి. మట్టి మిశ్రమం కోసం ఇటుక ముక్కలు, ముతక ఏటి ఇసుక, కొబ్బరి పొట్టు, బాగా మాగిన వర్మీకంపోస్టు తెచ్చుకోండి. ఇవి కాక వేర్వేరు పరిమాణాల కన్నాలున్న జల్లెడలు రెండు, స్ప్రే బాటిల్, పదునైన కత్తెర, చిన్న భూతద్దం, మెత్తటి పెయింటింగ్ కుంచె, వేపనూనె ఉంటే చాలు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు నీటి శుద్ధి యంత్రాలు బిగించేవారి దగ్గర ఉంటుంది. అది ఒకటి దొరికితే, ముఖ్యంగా తీరప్రాంతంలో బోరు నీరు వాడేవారికి, అది పెట్టిన ఖర్చుకు తగిన ఉపయోగం ఇస్తుంది.

1. మొక్క అదేనా అని నిర్ధారించుకోండి

చిన్న ఆకులున్న ఇతర మొక్కలను పెంఫిస్ అని పొరబడి కొనడం మామూలుగా జరుగుతుంటుంది కనుక, డబ్బు ఇవ్వకముందే మూడు విషయాలు పరిశీలించాలి. మొదటిది ఆకుల అమరిక. పెంఫిస్ ఆకులు కొమ్మకు ఇరువైపులా ఎదురెదురుగా, జంటలుగా ఉంటాయి. ఒక్కొక్కటి ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల పొడవుతో, కొంచెం కండగా, రెండు వైపులా సన్నని పట్టులాంటి నూగుతో ఉంటుంది. ఆ నూగు వల్లనే దూరం నుంచి చెట్టు బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. రెండవది పువ్వు. ఆకు మొదట్లో ఒంటరిగా పూసే ఈ తెల్లని పువ్వుకు నలిగిన పలుచని కాగితంలాంటి ఆరు రేకులు ఉంటాయి. పువ్వు అడుగున గిన్నెలాంటి భాగం మీద నిలువుగా గీతలు తేలి ఉంటాయి. మూడవది కాయ. శనగగింజంత గుండ్రని ఆ కాయ పండినప్పుడు పైభాగం చిన్న మూతలా ఊడి వస్తుంది.

తీరంలోనే పెరిగే సురియానా మారిటిమా దూరానికి ఇలాగే కనిపించినా, దాని పువ్వులు పసుపుపచ్చగా ఉంటాయి, ఆకులు ఒకదాని తరువాత ఒకటి వేర్వేరు ఎత్తులలో వస్తాయి. మన కోరింగ మడ అడవులలో ఉండే లుమ్నిట్జెరా రాసిమోసాకు తెల్ల పువ్వులే ఉన్నా రేకులు ఐదు మాత్రమే, ఆకు కొన దగ్గర చిన్న నొక్కు ఉంటుంది. పెంఫిస్ ఆకు పుల్లగా ఉంటుంది, శాస్త్రీయ నామంలోని రెండవ పదానికి అర్థమూ అదే. అయినా తెలియని మొక్క ఆకును నమిలి నిర్ధారించుకునే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

2. విత్తనం గానీ మొక్క గానీ సక్రమమైన చోటు నుంచి తెచ్చుకోండి

మన్నారు సింధుశాఖలోని 21 దీవులు 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి నుంచి అనుమతి లేకుండా మొక్కనే కాదు, మరేదీ తీసుకురాకూడదు. అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక, "మా బంధువులు వచ్చేటప్పుడు ఒడ్డున ఉన్న చిన్న మొక్క పీకి తెమ్మంటాను" అని కొందరు అంటుంటారు. దయచేసి అలా అడగవద్దు. నర్సరీలో విత్తనం నుంచి గానీ అంటు నుంచి గానీ పెంచిన మొక్కనే కొని, రసీదు తీసుకుని దాచుకోండి. కడియం వైపు వెళ్లేవారు బోన్సాయ్ మొక్కలు అమ్మే నర్సరీలలో పైన చెప్పిన గుర్తులు చూపించి అడిగి చూడవచ్చు. ఇప్పటికే ఈ మొక్క ఉన్న మిత్రుల నుంచి కాయలు తీసుకోవడం అన్నిటికన్నా మంచి మార్గం. విదేశాలలో ఉన్నవారు విత్తనాలను సామానులో వేసుకుని వెళ్లకుండా, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం గురించి ముందుగానే తెలుసుకోవాలి.

నర్సరీలో పెరిగిన మొక్కకూ తవ్వి తెచ్చిన మొద్దుకూ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మొదలు బాగా లావుగా ఉండి, కొమ్మలన్నీ పుల్లల్లా సన్నగా, ఒకే వయసులో ఉంటే, మొదట్లో పెద్ద రంపపు కోత కనిపిస్తే, అది తవ్వినదేనని అనుమానించాలి. మొదలు, కొమ్మ, రెమ్మ క్రమంగా సన్నబడుతూ వస్తే అది కుండీలో పెరిగినది.

3. మట్టి మిశ్రమం సిద్ధం చేయండి

ఇటుక ముక్కలను దంచి, నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల పరిమాణంలో ఉన్నవాటిని మాత్రమే జల్లెడ పట్టి తీసుకోండి. కింద పడిన ఎర్రటి పొడిని కలపకూడదు. అది నీటితో కలిసి కుండీ అడుగున ముద్దలా గట్టిపడి, వేళ్లకు గాలి అందకుండా చేస్తుంది. ఇటుక ముక్కలు నాలుగు పాళ్లు, ముతక ఇసుక రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలపండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండే అవకాశం ఉంది కనుక దానిని రెండు మూడు నీళ్లలో నానబెట్టి పిండిన తరువాతే వాడాలి. ఇసుకను కూడా కడగండి. సముద్రపు ఇసుక తేనవసరం లేదు.

సరిచూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మిశ్రమాన్ని కుండీలో నింపి, అంచు వరకు ఒకేసారి నీరు పోయండి. నీరు పైన నిలవకుండా కొన్ని సెకన్లలో దిగిపోవాలి. పది నిమిషాల తరువాత గుప్పిట్లోకి తీసుకుని పిసికితే తడి తగలాలి గానీ ముద్ద కట్టకూడదు. నీరు నిలిస్తే ఇసుక, ఇటుక ముక్కలు పెంచండి. చేతికి తడి తగలకపోతే కొబ్బరి పొట్టు పెంచండి.

4. విత్తనాలు సేకరించి విత్తండి

కాయ ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు తిరిగి, మూత చుట్టూ సన్నని గీత కనిపించినప్పుడు కోయాలి. ఇంకా ఆలస్యం చేస్తే మూత ఊడి విత్తనాలు రాలిపోతాయి. కాయను అరచేతిలో ఉంచుకుని మూతను గోటితో మెల్లగా ఎత్తితే, లోపల మూడు మిల్లీమీటర్ల పరిమాణంలో, ఒక రూపమంటూ లేని కోణాలతో, ఒకదానికొకటి ఒరుసుకుని ఇరవై ముప్పై గింజలు కనిపిస్తాయి. వాటి అంచు బెండులా తేలికగా ఉంటుంది.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. వంకాయ, టమాటా విత్తనాలకు చేసినట్లే వీటిని నీళ్లలో వేసి, తేలినవాటిని తాలు గింజలని పారవేస్తారు. పెంఫిస్ గింజ సముద్రం మీద తేలుతూ మరో తీరం చేరడానికి తగినట్లు తయారైనది కనుక మంచి గింజ కూడా తేలుతుంది. అందువల్ల నీటి పరీక్ష ఇక్కడ పనికిరాదు. దానికి బదులు నాలుగైదు గింజలను బ్లేడుతో అడ్డంగా కోసి, భూతద్దంతో చూడండి. లోపల తెల్లగా నిండుగా ఉంటే ఆ కాయలోని మిగిలినవి విత్తడానికి పనికివస్తాయి. ఖాళీగా, గోధుమ రంగులో ఉంటే ఆ కాయను పక్కన పెట్టండి.

విత్తడానికి ఫిబ్రవరి నుంచి జూన్ వరకు ఉండే వెచ్చని కాలం అనుకూలం. ట్రేలో సన్నగా జల్లించిన మిశ్రమం నింపి, తడిపి, గింజలను ఒక్కొక్క అంగుళం దూరంలో పైన పరచి, అవి కనపడీ కనపడనట్లు సన్న ఇసుక చల్లండి. లోతుగా పాతిపెడితే మొలకలు పైకి రావు. పైన గాజు పలక గానీ, అక్కడక్కడ చిల్లులు పెట్టిన పాలిథిన్ గానీ కప్పి, వెలుతురు బాగా ఉండి మధ్యాహ్నపు ఎండ నేరుగా పడని చోట ఉంచండి. పైభాగం ఆరకుండా స్ప్రే బాటిల్‌తో తడుపుతూ ఉండాలి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. నా ట్రేలలో మొదటి మొలకలు రెండు మూడు వారాలలో కనిపించాయి. మరికొన్ని ఆ తరువాత కూడా వస్తూనే ఉన్నాయి కనుక రెండు నెలలు గడవకుండా ట్రేను ఖాళీ చేయవద్దు.

మొలకలు వచ్చిన రోజు నుంచి పైకప్పును రోజుకు కొంతసేపు తీసి ఉంచుతూ, వారం పది రోజులలో పూర్తిగా తొలగించండి. కప్పు అలాగే ఉంచితే నారుకుళ్లు సోకి, సాయంత్రం నిటారుగా ఉన్న మొలకలు ఉదయానికి మొదలు నల్లబడి పడిపోతాయి. అలా పడిపోయినవాటిని చుట్టూ ఉన్న మిశ్రమంతో సహా చెంచాతో తీసివేసి, మిగిలినవాటికి గాలి తగిలేలా చేయాలి.

మూడు నాలుగు జతల ఆకులు వచ్చిన తరువాత, చెంచాతో మట్టి గడ్డతో సహా ఎత్తి చిన్న కుండీలలోకి మార్చండి. కనీసం ఆరు మొక్కలనైనా ఉంచుకోమని చెప్పడానికి ఒక కారణం ఉంది, అది చివరి మెట్టులో తెలుస్తుంది.

5. విత్తనాలు దొరకకపోతే కొమ్మతో గానీ గాలి అంటుతో గానీ ప్రయత్నించండి

ఈ ఏడాది వచ్చి, కింది భాగం గోధుమ రంగుకు తిరుగుతున్న కొమ్మను ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవున, ఆకు జంటకు సరిగ్గా కింద కోయండి. మరీ లేత చిగురు కుళ్లిపోతుంది, ముదురు కొమ్మ వేరు వేయడానికి చాలా కాలం తీసుకుంటుంది. కింది సగంలో ఆకులు తీసివేసి, కోసిన చోట వేళ్లు పుట్టించే హార్మోన్ పొడి అద్ది, ఇసుక, కొబ్బరి పొట్టు సమపాళ్లలో నింపిన పారదర్శకమైన గ్లాసులో గుచ్చండి. ఆ గ్లాసు అడుగున రంధ్రాలు చేసి, దానిని నల్లని మరో కుండీలో దించి, పైన సగం కోసిన నీళ్ల సీసా బోర్లించండి.

కొమ్మ పట్టిందో లేదో చూడాలని లాగి చూడటం ఇక్కడ జరిగే ప్రధానమైన పొరపాటు. అప్పుడప్పుడే వస్తున్న వేళ్లు దారం కన్నా సన్నగా ఉంటాయి, ఒక్కసారి కదిపితే తెగిపోతాయి. పారదర్శకమైన గ్లాసు వాడమన్నది అందుకే. ఆరేడు వారాల తరువాత నల్ల కుండీ నుంచి గ్లాసును పైకి తీసి, గోడ వెంబడి తెల్లని వేళ్లు కనిపిస్తున్నాయేమో చూడండి. పైన కొత్త చిగురు వచ్చినంత మాత్రాన వేరు పట్టినట్లు కాదు.

పెద్ద మొక్క ఉన్నవారు వానాకాలంలో గాలి అంటు కట్టవచ్చు, అంటే కొమ్మను చెట్టు మీదే ఉంచి దానికి వేళ్లు పుట్టించవచ్చు. కొమ్మ లావుకు ఒకటిన్నర రెట్ల వెడల్పున చుట్టూ బెరడు తీసి, లోపలి జిగట పొరను పూర్తిగా గీకివేసి, తడిపి పిండిన స్పాగ్నమ్ నాచుతో కట్టి, పాలిథిన్ చుట్టండి. ఆ జిగట పొర కొంచెం మిగిలినా బెరడు తిరిగి కలిసిపోతుంది, వేరు రాదు.

6. నీరు: దీనిని అన్నిటికన్నా శ్రద్ధగా చదవండి

రాళ్ల మీద, ఎండలో, ఉప్పుగాలిలో పెరిగే చెట్టు అనగానే దీనికి నీరు తక్కువ చాలునని, బ్రహ్మజెముడులా ఓర్చుకుంటుందని అనుకుంటారు. నిజానికి కుండీలోని పెంఫిస్ నీటిని విపరీతంగా తాగుతుంది. తీరంలో దాని వేరు రాతి పగుళ్ల లోతుకు దిగి, అక్కడ ఇంకిన వాననీటిని వెతుక్కుంటుంది. మీ కుండీలో ఆ లోతు ఉండదు. కనుక వేసవిలో ఉదయం, సాయంత్రం తప్పనిసరిగా, అడుగు రంధ్రం నుంచి కారేంతవరకు పోయాలి. వానాకాలంలోను, చలికాలంలోను పైభాగం అర సెంటీమీటరు మేర ఆరితే పోయాలి.

మూడేళ్ల కిందట మే నెలలో ఒక పెళ్లికి వెళ్లి, రెండు రోజుల తరువాత తిరిగి వచ్చేసరికి, నా దగ్గర ఉన్న నాలుగేళ్ల మొక్క పైకి ఎప్పటిలాగే ఆకుపచ్చగా కనిపించింది. ఆకులు రాలలేదు, వాలలేదు. దగ్గరికి వెళ్లి ఒక ఆకును వేళ్ల మధ్య నొక్కితే అప్పడంలా విరిగింది. ఈ చెట్టు విషయంలో గుర్తుంచుకోవలసిన హెచ్చరిక ఇదే. మందార వంటి మొక్కలు వాడిపోయి ముందే మనకు తెలియజేస్తాయి, పెంఫిస్ ఆకు మాత్రం కొమ్మకు అంటుకునే ఎండిపోతుంది. అలాంటి సందర్భంలో ఆకులు రాలి, కొమ్మ గీరితే లోపల పచ్చగా ఉంటే ఆశ ఉంది. ఆకులు రాలకుండా గలగలమంటూ కొమ్మకే ఉంటే, ఆ కొమ్మ పోయినట్లే. నా మొక్కలో దక్షిణం వైపు రెండు కొమ్మలు అలా పోయాయి, మిగిలిన భాగం నెలన్నర నీడలో ఉంచితే కోలుకుంది.

ఊరు వెళ్లవలసినవారు, బాగా వేరు పట్టిన మొక్కను అర అంగుళం నీరున్న పళ్లెంలో నిలిపి, షేడ్ నెట్ కిందికి మార్చి వెళ్లవచ్చు. మొలకలను, కొత్తగా కుండీ మార్చినవాటిని మాత్రం అలా నీటిలో నిలపకూడదు, వాటికి ఎవరో ఒకరు వచ్చి నీరు పోయవలసిందే.

ఇక ఉప్పునీటి సంగతి. ఈ చెట్టు ఉప్పును ఓర్చుకుంటుంది, అంతేగానీ ఉప్పు లేనిదే బతకలేని చెట్టు కాదు. తీరంలో దాని మీద పడే తుంపరలను వాన కడుగుతుంది, రాతి పగుళ్ల గుండా నీరు దిగిపోతుంది. కుండీలో నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. లీటరు నీటిలో చెంచాడు, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు కలిపి వారానికొకసారి పోస్తే, పది వారాలకు 50 గ్రాములు పోసినట్లవుతుంది. లీటరు సముద్రపు నీటిలో ఉండేది సుమారు 35 గ్రాములే. అడుగు నుంచి కారిపోయినది పోగా మిగిలినదైనా ఒక చిన్న కుండీకి చాలా ఎక్కువ. ఎవరైనా ఇప్పటికే అలా పోస్తూ ఉంటే, కుండీ పరిమాణానికి ఐదారు రెట్ల మంచినీటిని నెమ్మదిగా పోసి కడిగి, ఆ తరువాత మామూలు నీటికి మారండి.

తీరప్రాంతాలలో బోరు నీరే కొంత ఉప్పగా ఉంటుంది. కుండీ అంచున, అడుగు రంధ్రం దగ్గర తెల్లని పొర కడుతున్నా, ఆకు కొనలు గోధుమ రంగుకు తిరుగుతున్నా, టీడీఎస్ మీటరుతో రెండుసార్లు కొలవండి: ఒకసారి మీరు పోసే నీటిని, మరొకసారి కింద నుంచి కారిన నీటిని. కారిన నీటి అంకె పోసిన నీటి అంకెకు రెండు మూడు రెట్లు ఉంటే ఉప్పు పేరుకుంటున్నట్లు. పట్టి ఉంచిన వాననీటితో నెలకొకసారి కుండీని కడిగితే సరిపోతుంది.

7. ఎండ, చలి

వేరు పట్టిన మొక్కకు రోజంతా ఎండ కావాలి. నీడలో పెంచితే ఆకుల మధ్య దూరం పెరిగి, కొమ్మలు సాగి, పూత ఆగిపోతుంది. నీడ నుంచి ఎండకు మాత్రం రెండు వారాలలో క్రమంగా మార్చండి. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కన్నా తగ్గినప్పుడు పెరుగుదల మందగిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల దీని గురించి చింతించనవసరం లేదు. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులలో గోడ పక్కకు చేర్చడం మంచిది. ఆదిలాబాదు వైపు ఉన్నవారు ఆ రెండు నెలలు రాత్రిపూట ఇంటిలోకే తేవాలి. మంచు కురిసే దేశాలలో ఉన్నవారికి చలికాలమంతా ఇంటిలో బలమైన గ్రో లైట్ తప్పనిసరి, కిటికీ వెలుతురు చాలదు.

8. ఎరువు, పురుగులు

ఎదిగే కాలంలో నెలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు, కొంచెం వేపపిండి వేస్తే చాలు. కొత్తగా కుండీ మార్చిన మొక్కకు ఆరు వారాల వరకు ఏ ఎరువూ వేయవద్దు. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయండి. ఆకుల మీద ఉండే నూగును బూడిద తెగులుగా భావించి శిలీంద్రనాశని కొట్టేవారున్నారు. వేలితో తుడిచి చూడండి, తెగులైతే వేలికి పొడి అంటుతుంది, నూగు అంటదు.

9. కుండీ మార్చడం

రెండు మూడేళ్లకొకసారి, వేసవి చివర నుంచి వానలు మొదలయ్యే వరకు ఉన్న వెచ్చని రోజులలో మాత్రమే మార్చాలి. చలికాలంలో ఆ పని చేయకూడదు. ఇతర బోన్సాయ్ మొక్కలకు చేసినట్లు వేళ్లను నీటితో పూర్తిగా కడిగి, పాత మట్టి అంతా తీసివేయడం దీనికి ప్రమాదకరం. పాత గడ్డలో కనీసం మూడింట రెండు వంతులు కదలకుండా ఉంచి, అంచుల వెంట, అడుగున మాత్రమే వేళ్లు కత్తిరించండి. ఆ తరువాత మూడు నాలుగు వారాలు వెలుతురున్న నీడలో ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు ఆకుల మీద నీరు చల్లండి. కొన్ని ఆకులు పసుపుబారి రాలడం సహజమే. కొమ్మల చివర్లలో కొత్త జంట ఆకులు విచ్చుకుంటే మొక్క తిరిగి వేరు పట్టినట్లు భావించి ఎండకు మార్చవచ్చు.

10. కత్తిరింపు, తీగ చుట్టడం

ఆరోగ్యంగా ఉన్న పెంఫిస్ కత్తిరించిన చోట వెనుక నుంచి చక్కగా చిగురిస్తుంది కనుక కత్తిరించడానికి భయపడనవసరం లేదు. అయితే కొమ్మ మీద కనీసం రెండు మూడు జంటల ఆకులు మిగల్చాలి. వంపు తిప్పవలసిన కొమ్మకు ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు మారే దశలోనే అల్యూమినియం తీగ చుట్టండి. చేవ పట్టిన తరువాత వంచబోతే కొమ్మ విరుగుతుంది గానీ వంగదు. తీగ బెరడులోకి దిగకుండా నెలకొకసారి తప్పక చూడండి.

11. పూత చూసి, తరువాతి తరానికి విత్తనం పట్టండి

పువ్వులు బాగా పూసినా కాయ నిలవడం లేదని కొందరు ఎరువు పెంచుతారు. లోపం ఎరువులో ఉండదు. పెంఫిస్‌లో రెండు రకాల పువ్వులుంటాయి, ఒక చెట్టు మీద ఒక రకమే పూస్తుంది. భూతద్దంతో పువ్వు మధ్యలోకి చూస్తే, ఒక రకంలో కీలం (పువ్వు నడుమ ఉండే ఆడ కాడ) కేసరాలను (పుప్పొడి ఉండే మగ కాడలను) దాటి పైకి పొడుచుకుని వచ్చి ఉంటుంది. రెండవ రకంలో కీలం పొట్టిగా లోపలే ఉండి, కేసరాలు పైకి కనిపిస్తాయి. ఒక రకం పుప్పొడి అదే రకం పువ్వు మీద పడితే కాయ పట్టడం కష్టం, రెండు రకాలూ పక్కపక్కన ఉండాలి. ఒకే తల్లిమొక్క నుంచి తీసిన కొమ్మలు, అంట్లు ఎన్ని ఉన్నా అన్నీ ఒకే రకం కనుక వాటితో విత్తనం రావడం కష్టం. విత్తనం నుంచి ఆరు మొక్కలు పెంచితే వాటిలో రెండు రకాలూ ఉండే అవకాశం చాలా ఎక్కువ.

పూసిన రోజు ఉదయం, మెత్తటి కుంచెతో పొడుగు కేసరాల పువ్వు నుంచి పుప్పొడి తీసి, పొడుగు కీలమున్న పువ్వు కొనకు అద్దండి. తరువాత పొట్టి కేసరాల పుప్పొడిని పొట్టి కీలానికి అద్దండి. అద్దిన పువ్వుకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. రేకులు రాలిన తరువాత అడుగు గిన్నె ఎండిపోకుండా మెల్లగా ఉబ్బుతుంటే కాయ నిలిచినట్లు. ఆ కాయ విత్తనాలను ఇతరులకు పంచేటప్పుడు, పొట్లం మీద కోసిన తేదీతో పాటు తల్లిమొక్క పొడుగు కీలపుదా, పొట్టి కీలపుదా అన్నది కూడా రాసి ఇవ్వండి.